ఎడమ పక్కటెముకల కింద

బతు బస్తీలో ఎవరి పిల్లలకైనా మూడు రోజులు విడవకుండా జ్వరం కాసిందంటే ఆసుపత్రి కన్నా ముందు లాజరస్ ఇంటికే తీసుకొచ్చేవారు. మలేరియా డిపార్టుమెంటులో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరై ఆరేళ్ళయినా ఆ అలవాటు జనానికి పోలేదు. లాజరస్‌కి అసలే పోలేదు. వరండాలో బెంచీ మీద పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిపించి, గట్టిగా ఊపిరి పీల్చమనేవాడు. ఊపిరి లోపలికి వెళ్ళే క్షణంలో అతని కుడిచేతి వేళ్ళు ఎడమ పక్కటెముకల కిందికి మెత్తగా జారేవి.

ఆరోగ్యంగా ఉన్న మనిషి ప్లీహం చేతికి దొరకదు. పక్కటెముకల చాటున పిడికిలంత ఉండి, ముసలివైపోయిన రక్తకణాలను ఏరి పారేస్తూ తన పని తాను చేసుకుపోతుంది. చేతికి తగిలిందంటే పెరిగినట్టే. దీవుల్లో దాన్ని ఏ భాషవాళ్ళైనా తిల్లీ అనే అంటారు. ఒక వేలు దిగిందా, రెండు వేళ్ళా, మూడు వేళ్ళా అన్నది కొలత. పాత రోజుల్లో స్కూళ్ళన్నీ తిరిగి పిల్లల తిల్లీలు కొలవడమే పెద్ద సర్వే. డిగ్నాబాద్‌లో, వండూర్‌లో, జహాజెక్కి వెళ్ళి నికోబార్ దీవుల్లో లాజరస్ ఎన్ని వేల పొట్టలు తడిమాడో అతనికే తెలియదు. అతను చెయ్యి పెట్టి మలేరియా అన్నాక రక్తం పరీక్షలో అది కాదని తేలడం చాలా అరుదు. గొప్పగా చెప్పుకోదగ్గ సంగతే. అతను చెప్పుకునేవాడు కూడా, ఎవరూ అడగకపోయినా.

కొత్తగా చేరినవాళ్ళకి ట్రైనింగ్ ఇవ్వడానికి తిల్లీ ఎందుకు పెరుగుతుందో ఒక చార్టు స్వయంగా రాశాడు. అన్నింటికన్నా పైన ఎర్ర స్కెచ్‌పెన్నుతో మలేరియా. కింద నల్ల అక్షరాల్లో టైఫాయిడ్, కాలా అజార్, కాలేయం గట్టిపడడం, పుట్టుకతో వచ్చే రక్తం జబ్బులు, రక్తానికి వచ్చే కాన్సర్లు. కిందవి పరీక్షలో రాయడానికి, పైది ఉద్యోగం చేసుకోవడానికి అని చెప్పి క్లాసంతా నవ్వించేవాడు. రిటైరైన రోజున ఆ చార్టు చుట్టి ఇంటికి పట్టుకొచ్చి వరండా గోడకి తగిలించాడు. డిపార్టుమెంటు వేలంలో అమ్మేసిన పాత మైక్రోస్కోపు ఒకటి తోటివాళ్ళు చందాలేసుకుని కొని అతనికి కానుకిచ్చారు. కింద అద్దం ఉండి ఎండని లోపలికి పంపే రకం. పొద్దున్న తొమ్మిది నుంచి పదకొండు దాకా వరండాలోకి మంచి ఎండ వస్తుంది. ఆ రెండు గంటలూ లాజరస్ ఇంకా ఉద్యోగంలోనే ఉన్నట్టుండేవాడు.

ఇలాంటి మనిషి పెళ్ళాం ఎలీనా. పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంటికొచ్చి, రెండు ముద్దలు తినగానే కంచం పక్కకి జరిపేసింది. కడుపు నిండిపోయిందంది. నెల రోజుల నుంచీ ఇదే వరస. జాకెట్లు వదులైపోయాయి. సండే స్కూలు పిల్లలతో పాడుతూ పాడుతూ మధ్యలో ఆయాసమొచ్చి కూర్చుండిపోతోంది. ఇవేవీ ఆమె చెప్పలేదు. చెప్పే అలవాటు లేదు, వినే అలవాటు ఆయనకి లేదు. ఆరోజు మాత్రం ఎడమవైపు ఏదో బరువుగా ఉందని నోరు జారింది.

లాజరస్ ఆమెని బెంచీ మీద పడుకోబెట్టాడు. ఊపిరి పీల్చకముందే వేళ్ళకి తగిలింది. నాలుగు వేళ్ళు, గట్టిగా, నున్నగా. అతని ముఖం వెలిగిపోయింది. నిజం చెప్పాలంటే భార్య పొట్టలో అంత పెద్ద తిల్లీ దొరికినందుకు లాజరస్ సంతోషపడ్డాడు. ఆ సంతోషానికి అతను తర్వాత తనని తాను క్షమించుకోలేకపోయాడు. కానీ ఆ క్షణాన ఉన్నది సంతోషమే, తన చేతికి మళ్ళీ ఒక పని దొరికిన సంతోషం.

"కచ్చాల్‌దే ఇది" అన్నాడు.

కచ్చాల్ దీవిలో వాళ్ళు అయిదేళ్ళున్నారు. అక్కడ ఎలీనాకి మలేరియా నాలుగుసార్లు వచ్చింది. మలేరియా ఉన్నచోట ఏళ్ళ తరబడి బతికినవాళ్ళకి ఒక్కోసారి రక్తంలో మలేరియా పురుగు కనిపించకుండానే తిల్లీ పెరుగుతుందనీ, వాళ్ళకి నెలల తరబడి మాత్రలివ్వాలనీ అతనికి తెలుసు. అది పుస్తకంలో ఉన్న మాటే, అబద్ధం కాదు. అయితే ఆ పుస్తకంలోనే, మిగతావేవీ కాదని తేల్చుకున్నాక అని కూడా రాసుంది. పుస్తకం తెరిచి చూడాల్సిన అవసరం లాజరస్‌కి ఎప్పుడో తీరిపోయింది.

మర్నాడు పొద్దున్న ఎండ రాగానే రక్తం తీశాడు. వాళ్ళ పద్ధతిలో ఎడమచేతి ఉంగరపు వేలికే గుచ్చాలి. ఎలీనాకి ఆ వేలికి పెళ్ళి ఉంగరం. గుచ్చే ముందు దాన్ని తీసి తన చిటికెన వేలికి పెట్టుకుని, దూది అద్దాక మళ్ళీ ఆమెకి తొడగడం ముప్పై ఏళ్ళ నుంచీ లాజరస్ పని. ఎప్పుడూ సబ్బు రాస్తేగానీ రాని ఉంగరం ఆరోజు లాగకుండానే వచ్చేసింది. అది కూడా అతను మలేరియా ఖాతాలోనే వేశాడు.

చుక్కని గాజుపలక మీద గుండ్రంగా పూసి, ఆరబెట్టి, రంగు నీళ్ళు పోసి కడిగాడు. అలా కడిగితే ఎర్రకణాలు పోతాయి, తెల్లకణాలు ఊదారంగులో మిగులుతాయి. వాటి మధ్యనే పురుగుని వెతకాలి. పురుగులెన్నో చెప్పడానికి రెండు వందల తెల్లకణాలకి ఇన్ని అని ఒక లెక్కుంది. అందుకని చూస్తున్నంత సేపూ ఎడమచేతిలో లెక్కపెట్టే చిన్న మీటని కణానికోసారి టిక్కు టిక్కుమని నొక్కుతుంటారు. మామూలు రక్తమైతే రెండు వందలు పూర్తవడానికి గాజుపలకని పదీ పన్నెండుసార్లు జరపాలి.

ఎలీనా రక్తంలో మొదటిచోటే రెండు వందలు దాటిపోయాయి.

లాజరస్ మీట నొక్కడం ఆపాడు. చుక్క మరీ మందంగా పడిందనుకున్నాడు. వయసొచ్చింది, చెయ్యి వణుకుతోంది, రంగు కూడా పాతది అనుకున్నాడు. ఆ ఊదారంగు గుంపుల్ని విసుక్కుంటూ, సంతలో జనాన్ని తోసుకుంటూ నడిచినట్టు వాటి సందుల్లోంచి పురుగు కోసం రెండు గంటలు వెతికాడు. దొరకలేదు. గాజుపలక మీద పెన్సిల్‌తో ఎలీనా పేరూ తారీఖూ రాసి పెట్టెలో దాచాడు. గుమ్మం పక్కన గోడ మీద, సర్వేలో ఇంటింటికీ గీసినట్టే ఒక గడి గీసి, తారీఖు వేసి, నెగెటివ్ అని రాశాడు.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఎలీనా మాత్రలు మింగింది. నెలకోసారి ఉంగరం తీశాడు, గుచ్చాడు, చూశాడు. ప్రతిసారీ చుక్క మందంగానే పడింది. మనిషికి ఒకసారి పొరపాటు రావచ్చు, తొమ్మిది నెలలు వరసగా చుక్క మందంగా పడుతుందా అని ఎవరికైనా అనుమానం రావాలి. లాజరస్‌కి తన చెయ్యి ముసలిదైపోతోందని దిగులు మాత్రం వచ్చింది.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు సారా వండూర్ స్కూల్లో టీచరు. అక్కడే గది తీసుకుని ఉంటుంది, శనివారం సాయంత్రం బస్సుకి ఇంటికొస్తుంది. తల్లి వారం వారం చిక్కిపోవడం చూసి భయపడింది. ఏక్ బార్ పెద్దాసుపత్రికెళ్ళి రక్తం మొత్తం పరీక్ష చేయించుకుందాం, నా స్కూలుకి సెలవు పెడతాను అని తల్లి వెంటపడింది. ఎలీనా వంటింట్లోకెళ్ళి ఆ మాట మెల్లగా భర్త చెవిన వేసింది. అక్కడ లైన్లో నిలబెట్టి వాళ్ళు చేసేది తాను ఇక్కడ చేస్తున్నదే, మాత్రలకి టైము పడుతుంది అన్నాడు లాజరస్. ముప్పై నాలుగేళ్ళ సర్వీసుని కూతురు అనుమానిస్తోందని అతనికి కొంచెం రోషం కూడా వచ్చింది. ఎలీనా అదంతా ముఖంలో చూసింది. బయటికొచ్చి, నాకే వద్దే, సూదులంటే భయం అని సారాకి చెప్పేసింది. నెలనెలా వేలు చాపే మనిషికి సూదులంటే భయమేమిటని అడగడానికి సారాకి తోచలేదు.

నవంబరు వచ్చేసరికి తిల్లీ బొడ్డు దాటింది. ఒక ఉదయం ఎలీనా పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం కారి ఎంతసేపటికీ ఆగలేదు. ఒళ్ళు కాలిపోతోంది. అప్పుడు కూడా లాజరస్ ముందు బెంచీ వైపు చూశాడు. ఆ రోజు శనివారం, స్కూలుకి సెలవని పొద్దున్న బస్సుకే వచ్చిన సారా అప్పుడే గేటు తీసింది. తల్లిని చూసి వెంటనే ఆటో పిలిచింది.

పెద్దాసుపత్రిలో చూసిన డాక్టరు పేరు దీపిక, డిగ్నాబాద్‌లో స్థిరపడిన ఒక తెలుగు టీచరు కూతురు. లాజరస్‌ని చూడగానే గుర్తుపట్టింది. నాలుగో క్లాసులో మీరు నా పొట్ట నొక్కితే చక్కిలిగింతలై నవ్వాను, మీరు తిట్టారు అంకుల్ అని నవ్వింది. ఆ నవ్వు చూసి లాజరస్‌కి కొండంత ధైర్యం వచ్చింది. కచ్చాల్ సంగతీ, తన మాత్రల సంగతీ ఆమెకి వివరంగా చెప్పాడు. ఆమె అంతా విన్నది. ఎలీనా పొట్ట మీద చెయ్యి పెట్టినప్పుడు మాత్రం ఆ నవ్వు ఆగిపోయింది.

రెండు రోజుల తర్వాత సారా మందుల కోసం వెళ్ళినప్పుడు దీపిక అతన్ని పక్కగదిలోకి పిలిచి కూర్చోమంది. తెల్లకణాలు వేలల్లో ఉండాల్సింది రెండు లక్షలు దాటాయనీ, ఇది రక్తానికి వచ్చే కాన్సరనీ, మలేరియా కాదనీ చెప్పింది. మెల్లగా నడిచే రకమట. మొదట్లో పట్టుకుంటే రోజుకో మాత్రతో చాలామంది ఏళ్ళకేళ్ళు మామూలుగా బతుకుతారట. ఇప్పుడది మెల్లగా నడిచే దశ దాటిపోయింది, వెంటనే చెన్నై తీసుకెళ్ళాలి అంది.

"ఇది కనీసం ఏడాది నుంచీ ఉండి ఉండాలి అంకుల్. ఈమధ్య ఆంటీ రక్తం ఎవరైనా చూశారా?"

వేలల్లో ఉండాల్సినవి లక్షల్లో అన్న మాట దగ్గరే లాజరస్‌కి అర్థమైపోయింది. ఎడమచేతి బొటనవేలు ఒడిలో తనంతట తానే కదులుతోంది, మీట నొక్కుతున్నట్టు. ఎవరూ చూడలేదమ్మా అన్నాడు. జీవితంలో పని విషయంలో లాజరస్ ఆడిన మొదటి అబద్ధం అది.

విమానం టిక్కెట్లు రెండు రోజుల తర్వాతికి దొరికాయి. అందాకా ఎలీనా ఇంటికెళ్ళాలని పట్టుబడితే రక్తమెక్కించి పంపారు. మర్నాడు తొమ్మిది గంటలకి ఎండ వరండాలోకొచ్చింది. సారా బట్టలు సర్దుతోంది. లాజరస్ పెట్టె తీసి ఫిబ్రవరి గాజుపలకని మైక్రోస్కోపు కింద పెట్టాడు. చుక్క మందంగా లేదు. బయటికి తీసి కింద కాగితం పెట్టి చూస్తే దాని మీది అక్షరాలు చుక్కలోంచి చదువుకోవడానికి వస్తున్నాయి, పడాల్సిన పద్ధతిలోనే పడింది. చెయ్యి వణకలేదు. రంగు కూడా బాగానే పట్టింది. అంత చక్కటి గాజుపలక ట్రైనింగులో ఎవరైనా చేసుంటే అందరికీ చూపించి మెచ్చుకునేవాడు. జబ్బు మొత్తం అందులోనే ఉంది, ఒక్కటి కాదు, దాచుకుని కాదు, కంటినిండా ఉంది. అతను దాన్ని తోసుకుంటూ వెళ్ళి లేనిదాన్ని వెతికాడు.

లోపల మంచం దగ్గర చుట్టాలూ చర్చివాళ్ళూ కూర్చున్నారు. ఎలీనా ప్రతివాళ్ళకీ ఒకటే చెబుతోంది. డాక్టర్లకన్నా ముందు మా ఆయనే కనిపెట్టారు, చెయ్యి పెట్టగానే నాలుగు వేళ్ళని చెప్పేశారు, లేకపోతే నాకు తెలిసేదే కాదు అంటోంది. వాళ్ళు లాజరస్ వైపు మెచ్చుకోలుగా చూస్తున్నారు. అతను మళ్ళీ వరండాలోకి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక, సారా మందులకని బజారుకెళ్ళాక, అతను మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఫిబ్రవరిలోనే కనిపించిందనీ, చూసి కూడా చూడలేదనీ, తొమ్మిదిసార్లు అలాగే అయిందనీ, అప్పుడే పట్టుకునుంటే రోజుకో మాత్ర సరిపోయేదనీ దాచకుండా చెప్పాడు. ఏడవలేదు. ఏడిస్తే ఆమె ఓదారుస్తుందని భయపడ్డాడు.

ఎలీనా గోడవైపు తిరిగి పడుకుంది. ఆమెకి కోపమొచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది, బతకాలని ఎవరికుండదు. నలభై ఏళ్ళలో అతని మీద ఇంత కోపం ఆమెకి ఎప్పుడూ రాలేదు, దాన్ని ఎలా చూపించాలో కూడా ఆమెకి తెలియలేదు. గేటు చప్పుడైంది. సారా వచ్చేస్తోంది. అప్పుడు ఎలీనా ఇటు తిరిగింది.

"దానికి చెప్పకండి" అంది. "నేను పోతే దానికి ఇంకెవరున్నారు? మీ మీద కోపమెట్టుకుంటే అదొక్కతీ అయిపోతాది. నాకు మాటివ్వండి."

అతను మాటిచ్చాడు. సారా గదిలోకి రాగానే ఎలీనా, చూడవే, మీ నాన్నే కదా ముందు కనిపెట్టింది అని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఆ మాట అంటూ లాజరస్ కళ్ళలోకి సూటిగా చూసింది. అది క్షమించడమో, శిక్షించడమో లాజరస్‌కి ఇప్పటికీ తెలియదు. రెండూ అయ్యుండొచ్చు.

చెన్నైలో ఇరవై రెండు రోజులున్నారు. క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు ఎలీనా పోయింది. పోయే ముందు రోజు చేతులు వాచిపోయాయని నర్సు ఉంగరం తీసి లాజరస్ చేతిలో పెట్టింది. అతను అలవాటుగా చిటికెన వేలికి పెట్టుకున్నాడు, మళ్ళీ తొడగాలి కదా అనుకుంటూ. అది ఇంకా అక్కడే ఉంది.

బతు బస్తీ చర్చిలో జ్ఞాపకార్థ కూటం రోజున పాస్టరుగారు సహోదరుడు లాజరస్ చేతుల్ని గురించి మాట్లాడారు. దేవుడు ఆ చేతులకి ఇచ్చిన వరం గురించి, సొంత భార్య జబ్బుని అందరికన్నా ముందు పట్టుకున్న వైనం గురించి చెప్పి సాక్ష్యమివ్వమని పిలిచారు. లాజరస్ లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. ముందు వరసలో సారా తడికళ్ళతో తలెత్తి, గర్వంగా అతన్నే చూస్తోంది. అతను ఆమెన్ అని కూర్చుండిపోయాడు. దుఃఖం గొంతుకడ్డం పడిందని అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు.

తర్వాత అతను ఎవరి పిల్లల పొట్టా ముట్టుకోలేదు. జ్వరమని వచ్చినవాళ్ళని గేటు దగ్గర నుంచే ఆసుపత్రికి పంపేసేవాడు. పెళ్ళాం పోయిన దిగులు పాపం అనుకున్నారు. వరండా చార్టు తీసేద్దామనుకున్నాడు గానీ తియ్యలేదు. పొద్దున్నే కుర్చీ దాని ఎదురుగా వేసుకుని నల్ల అక్షరాల్ని ఒక్కొక్కటీ చదువుకునేవాడు, అయిదో లైను, రక్తానికి వచ్చే కాన్సర్ల దగ్గర ఆగిపోయేవాడు.

మార్చిలో ఒక శనివారం సారా వచ్చేసరికి ముఖం పీక్కుపోయి ఉంది. రాత్రంతా ఇంట్లో మూలుగుతూనే ఉంది. ఆదివారం పొద్దున్న లేచి వరండాలోకి వచ్చింది. పది రోజుల నుంచి జ్వరం వస్తూ పోతూ ఉందనీ, ఎడమపక్క నొప్పిగా ఉందనీ చెప్పి, చిన్నప్పటిలాగే బెంచీ మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచింది.

ఆసుపత్రికి పద అన్నాడు లాజరస్. లేచి చెప్పులు కూడా వేసుకున్నాడు.

"హాస్పిటల్ ఎందుకు నాన్నా, నువ్వున్నావు కదా. అమ్మది డాక్టర్ల కంటే ముందు నువ్వే పట్టావు. నువ్వు చూసి ఏం లేదంటే బస్, నాకు చాలు."

సారా కళ్ళు మూసుకుని ఊపిరి గట్టిగా పీల్చి, అతని చెయ్యి కోసం ఆగింది. లాజరస్ చెయ్యి కదల్లేదు. ఎలీనాకి ఇచ్చిన మాట అతనికి గుర్తుంది. కానీ ఆ మాట కాపాడుతుందనుకున్న పిల్ల ఇప్పుడు అదే బెంచీ మీద, తల్లి పడుకున్నచోటే, తల్లికున్నంత నమ్మకంతో పడుకుని ఉంది. రేపు ఇంకో నొప్పికీ, ఎల్లుండి ఇంకో జ్వరానికీ ఇలాగే వచ్చి పడుకుంటుంది.

అతను చెప్పులు విడిచాడు. పెట్టె తెచ్చాడు. తొమ్మిదైంది, అద్దంలోకి ఎండ పడుతోంది. పేరు కనపడకుండా బొటనవేలు అడ్డంపెట్టి ఫిబ్రవరి గాజుపలకని మైక్రోస్కోపు కిందికి జరిపి, లేచి వచ్చి చూడమన్నాడు. సారాకి ఇవేమీ తెలియవు. ఎప్పుడూ అందులోకి చూసింది కాదు. ఏం చూడాలి నాన్నా అని అడిగింది. నీకేం కనిపిస్తే అది చెప్పమన్నాడు.

ఆమె వంగి ఒక కన్ను మూసింది. క్షణం కూడా పట్టలేదు.

"అన్నీ ఊదారంగు గుండ్రాలే. ఖాళీ లేకుండా ఉన్నాయి. ఇన్ని ఉండాలా నాన్నా?"

"ఉండకూడదమ్మా" అన్నాడు లాజరస్.

గాజుపలకని బయటికి లాగి, పేరూ తారీఖూ ఉన్న వైపు పైకి తిప్పి కూతురి చేతిలో పెట్టాడు.